డెబ్బై అయిదు దాటించిన తెర

నిన్న మధ్యాహ్నం దుకాణంలో ఒక మానిటర్ ముందు కూర్చున్నాను. గోదావరిఖని ఎండకు పై రేకులు టపటపమంటున్నాయి. మానిటర్ తెచ్చినతను ఇంట్లో కంప్యూటర్ ఆటలు ఆడే మనిషి. "అన్నా, అరవై మీద ఉన్నది, డెబ్బై అయిదు చెయ్యి. ఇంకా పోతదంటే ఇంకా పెంచు" అన్నాడు. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా గీస్తుందో ఆ లెక్క అది. తయారు చేసినవాళ్లు అరవై చాలని పెట్టి పంపిస్తారు, మనం దాన్ని కొంచెం లాగి ఎక్కువ పరుగెత్తించవచ్చు. అంకె మార్చి నొక్కగానే తెర నల్లబడింది. లోపల ఎక్కడో టిక్కుమంది. వెచ్చబడ్డ ప్లాస్టిక్ వాసన సన్నగా తగిలింది. నా చెయ్యి మౌసు మీద అట్లాగే ఉండిపోయింది. "ఏమైందన్నా?" అన్నాడతను. "ఏం కాలే, చాయ్ తాగొస్త" అని బయటికి వచ్చి నిలబడ్డాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, తెర నల్లబడితే భయపడే రకాన్ని కాను. కానీ ఆ టిక్కు విన్నప్పుడల్లా నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది, ఇక ఆ పూటకు ఏ పనీ సాగదు.

ఎస్తేరక్క మా క్వార్టర్ల వెనక వరసలో ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ లేత రంగు చీరలో కనిపించేది. ఆమె భర్త గని కింద పనిచేసేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. అప్పటికి వాళ్ల బిడ్డ రూతుకు నాలుగేళ్లు. భర్త కొలువు ఎస్తేరక్కకు వచ్చింది. మా బొగ్గు బాయిల దగ్గర కొలువు మనిషిది కాదు, ఇంటిది. మనిషి పోతే ఇంట్లోవాళ్లకు వస్తుంది. మనిషి ఇక పనికి చాలడని డాక్టర్ల బోర్డు తేల్చినా, వయసొచ్చిన బిడ్డకు వస్తుంది. అందుకే మా దగ్గర పిల్లల పుట్టిన తేదీలు తల్లిదండ్రులకే కాదు, చుట్టుపక్కల నాలుగు ఇళ్లవాళ్లకు కూడా నోటికి వస్తాయి. ఎస్తేరక్క మొదట గని పైన ఊడ్చే పని చేసింది. తర్వాత రాత బాగుందని ఆఫీసులోకి తీసుకున్నారు. కంప్యూటర్లు వచ్చాక మస్టర్లు, అంటే ఎవరు ఏ షిఫ్టులో డ్యూటీకి వచ్చారన్న హాజరు, ఎక్కించే పని ఆమెకు వచ్చింది.

నేను అప్పుడు ఇంటర్ తప్పి, వచ్చేపోయేవాళ్లతో తగువులు పెట్టుకుంటూ తిరుగుతున్నాను. మా నాన్న నన్ను చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. ఒకరోజు నీళ్ల ట్యాంకర్ దగ్గర ఎవడితోనో కలబడుతుంటే ఎస్తేరక్క బిందె కింద పెట్టి వచ్చి నా చొక్కా పట్టుకుంది. "ఏంది సంపతూ, నీకు చేతులు గిందుకే ఇచ్చిండా దేవుడు? రేపటి సంది మా ఇంటికి రా, టైపు నేర్పిస్త" అంది. అందరి ముందూ పరువు పోయిందని నాకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. బహుశా అప్పటివరకు నన్ను రమ్మని పిలిచినవాళ్లు ఎవరూ లేకపోవడం వల్ల కావచ్చు.

టైపు నేర్పింది. కోపం వచ్చినప్పుడు కూర్చోవడం నేర్పింది. ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే కాంట్రాక్టరు ఒకాయనకు చెప్పి నన్ను పనిలో పెట్టించింది. నేను మొదటి నెలలో స్క్రూడ్రైవర్ పట్టుకుని కనబడ్డ పెట్టెనల్లా విప్పేవాణ్ణి. ఆమె నవ్వేది. "ఏం ఇంజినీరు సాబ్, వచ్చుడుతోనే కడుపు కోస్తవేంది? ముందు దాని ముందట కూసునే మనిషిని అడుగు. ఏం జేసినవ్, ఏం జూసినవ్, ఎప్పటిసంది అని. సగం రోగం మనిషి నోట్లెనే ఉంటది" అనేది. నా బతుకుతెరువు ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఈ ఊళ్లో నాకన్నా చదువుకున్న మెకానిక్కులు ఉన్నారు. నా దగ్గరికి జనం వచ్చేది నేను అడుగుతానని, విని మరీ విప్పుతానని.

ఆమె పనిచేసే తీరు వేరుగా ఉండేది. మస్టరు ఎక్కించేటప్పుడు పేర్లు పైకి చదివేది. వందల పేర్లు. పక్కవాళ్లు విసుక్కుంటే, "పేరు పలుకుతే మనిషి యాదికొస్తడు. అంకెలైతే ఎవ్వడూ యాదికి రాడు" అనేది. ఎవరిది ఏ ఊరు, ఎవరి భార్యకు బాగాలేదు, ఎవరు తాగి నాగాలు పెడుతున్నారు, అన్నీ తెలుసు. నాగా అంటే డ్యూటీ ఎగ్గొట్టడం. నాగాలు ఎక్కువైతే కొలువుకే ముప్పు. అందుకే తన చేతి మీదుగా ఒక్క తప్పు నాగా కూడా పడకూడదని ఆమె పట్టుదల. పదేళ్లలో ఒక్కటి కూడా పడలేదని గర్వంగా చెప్పుకునేది. ఆమె గర్వపడింది ఆ ఒక్క విషయంలోనే.

ఆ గర్వానికి దెబ్బ తగిలిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఫస్టు షిఫ్టు దిగి, గని కింద పనిచేసే ఓదెలు కాకా ఒళ్లంతా బొగ్గుతో నేరుగా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఎస్తేరు బిడ్డా, నేను మూడు దినాలు డ్యూటీ జేసిన. నాకు నాగా ఎందుకు పడ్డది?" అన్నాడు. అరవలేదు, ఏడుపు గొంతుతో అడిగాడు. ఎస్తేరక్క మొహం పాలిపోయింది. "తెర అదురుతాంది కాకా, వరసలు కలిసిపోతున్నయి. సరిజేస్త, ఫికర్ చెయ్యకు" అంది. ఆయన పోయాక నావైపు తిరిగి, "తమ్మీ, ఇది నిజంగనే అదురుతాంది. తలకాయ పగిలిపోతాంది. పొద్దుగూకితె లైటు బుగ్గ సుట్టు రంగుల గుండ్రాలు కనబడుతున్నయి" అంది.

నేను ఎగిరి గంతేశాను. ఆ ముందు నెలలోనే మానిటర్లను అరవై దాటించడం నేర్చుకున్నాను. ఎక్కువసార్లు గీస్తే తెర అదరదు, అదరకపోతే కళ్లు లాగవు, తలనొప్పి ఉండదు అని ఎక్కడో విన్నాను. పాత డబ్బా మానిటర్ల విషయంలో అది నిజమే. అక్క ముందున్నది పలకలాంటి ఎల్‌సీడీ. దానికి ఆ అదురే ఉండదని, అరవై అయినా డెబ్బై అయిదైనా తలనొప్పికి సంబంధం లేదని నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఆ రోజు మాత్రం పెద్ద వైద్యుడిలా సెట్టింగుల్లోకి వెళ్లి అరవై ఆరు, డెబ్బై, డెబ్బై అయిదు అని ఒక్కో మెట్టూ ఎక్కించాను. "ఎట్లున్నదక్కా?" అంటే, "అల్కగున్నది తమ్మీ, నీ చెయ్యి సల్లగుండ" అంది. ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు, అంత సంబరం. ఛీ, ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం.

మూడు వారాలు గడిచాయి. మళ్లీ తప్పులు పడ్డాయి. మళ్లీ పిలిచింది. మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో మేమిద్దరమే ఉన్నాం. "ఇంకింత పెంచరాదు తమ్మీ" అంది. దాని తాహతు డెబ్బై అయిదే. అయినా ఎనభై రాసి నొక్కాను. తెర నల్లబడింది, టిక్కుమంది, తిరిగి వెలిగింది. కానీ బొమ్మంతా ఎడమకు జరిగిపోయింది. పట్టికలో ఎడమ చివర ఉండే పేర్ల వరస మొత్తం తెర అవతలికి పోయింది. మిగిలిన అంకెలు రెండు రెండుగా పడి వణుకుతున్నాయి. మనం సరేనని నొక్కకపోతే పదిహేను సెకన్లలో అదే పాత అంకెకు తిరిగి వస్తుంది. అందుకని నేను నవ్వుతూ ఆగాను. అంతలో ఎస్తేరక్క ఊపిరి పీల్చుకుని, "ఆఁ, గిప్పుడు మంచిగుంది. గిట్లనే ఉంచు" అంది.

"ఏం మంచిగుందక్కా?"

"అచ్చరాలు ముత్యాల్లెక్క కనబడుతున్నయి."

"పేర్లు సదువు మరి."

తెర వైపు చూస్తూ, ఎక్కడా ఆగకుండా, "ఆకుల గట్టయ్య, బండి మొండయ్య, చింతల ఓదెలు" అని చదివింది. పదిహేను సెకన్లు అయిపోయాయి. తెర నల్లబడి, పేర్ల వరస తిరిగి వచ్చింది. ఆకుల గట్టయ్య, బండి మొండయ్య, చింతల ఓదెలు. మూడూ సరిగ్గానే చెప్పింది, తెర మీద లేని పేర్లు.

"అక్కా, నీకు కనబడ్తలేదు" అన్నాను. ఆమె ముందు అడిగిన మాట ఇది: "తలుపు కాడ ఎవలన్న ఉన్నరా?" ఎవరూ లేరన్నాను. అప్పుడు కుర్చీలో ఒదిగిపోయి చెప్పింది. కుడి కన్ను ఏడాది కిందటే మసకబారిందట. ఎడమ కంటితో నడిమిట్ల మాత్రం కొంచెం కనిపిస్తుందట, చుట్టూ అంతా పొగ. మస్టరు పేర్లు వరసగా నోటికి వచ్చు కాబట్టి నెట్టుకొస్తోంది. తెర అదురుతోందన్నది ఆమె పట్టుకున్న ఊత. తప్పులకు ఒక కారణం కావాలి, నేను నా పనితనంతో ఆ కారణాన్ని రోజురోజుకూ గట్టిచేస్తున్నాను. పెట్టెను విప్పాను, మనిషిని అడగలేదు. ఆమె నేర్పిన మొదటి పాఠం ఆమె దగ్గరే తప్పాను.

"దవాఖానకు పోదాం, లే" అన్నాను.

"కంపెనీ దవాఖానకు పోతే బుక్కుల రాస్తరు తమ్మీ. రాస్తే బోర్డుకు పంపుతరు. బోర్డు అన్‌ఫిట్ అంటది. రూతుకు ఇంకా పదిహేడే. పద్దెనిమిది నిండకముందు నేను దిగిపోతే కొలువు గంగల కలుస్తది. ఏడు నెలలు. ఏడంటె ఏడే నెలలు."

"కరీంనగర్ల ప్రైవేటుల చూపిద్దాం. ఎవ్వలకు తెలుస్తది?"

"కరీంనగర్ దవాఖానల మనోళ్లు లేని బల్ల ఉంటదా? చుక్కల మందు ఇంట్ల కనబడితే రూతు ఊకుంటదా? అది ఎమ్మటే నన్ను పట్టుకొని దవాఖానకు గుంజుకపోతది." తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నీతోని బైబిలు మీద ఒట్టు పెట్టియ్య, మీ దేవుడు వేరు. నువ్వు మాటియ్యి, నాకు గదే చాలు. ఎవ్వలకు చెప్పకు. రూతుకు అసలే చెప్పకు."

ఇచ్చాను. నాకు ఇరవై నాలుగేళ్లు. నన్ను మనిషిని చేసిన మనిషి నా చెయ్యి పట్టుకుని అడిగింది. కాదనడం తెలియలేదు. నిజం చెప్పాలంటే, అంత పెద్ద రహస్యానికి నన్ను తగినవాణ్ణనుకుందని లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

ఆ ఏడు నెలలు దాదాపు రోజూ ఆఫీసుకు వెళ్లాను. ఎవరడిగినా "ఆ మానిటర్ మొండిది, రోజూ సెట్ చెయ్యాలె" అనేవాణ్ణి. నమ్మించడానికి నిజంగానే అంకెలు మార్చేవాణ్ణి. డెబ్బై రెండు, డెబ్బై, మళ్లీ డెబ్బై అయిదు. తెర టిక్కుటిక్కుమంటుంటే పక్క బల్లవాళ్లు, "ఏం సంపతూ, దానికి పురుడు పోస్తున్నవా?" అని ఎగతాళి చేసేవారు. ఆ సందట్లో నేను గొంతు తగ్గించి హాజరు చీటీల్లోని పేర్లూ షిఫ్టులూ చదివేవాణ్ణి, ఆమె ఎవరిది ఏ వరసో చెప్పేది, నా వేళ్లే ఎక్కించేవి. తప్పు నాగా ఒక్కటీ పడలేదు. ఆమె మొహంలో పాత గర్వం తిరిగి వచ్చింది. అది చూసి నేను మంచిపని చేస్తున్నాననుకున్నాను. ఎడమ కంట్లో మిగిలిన ఆ కాస్త వెలుగు రోజుకింత తరిగిపోతుంటే, మేమిద్దరం క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నాం.

ఒక ఆదివారం ప్రార్థన అయి వస్తూ రూతు నన్ను దారిలో ఆపింది. ఇంటర్ చదువుతోంది. నర్సు కావాలని పిచ్చి ఆశ. "అన్నా, మా అమ్మ గోడ పట్టుకొని నడుస్తాంది. మొన్న గంజి వంపుతూ కాలు మీద పోసుకున్నది. నాకు చెప్తలేదు. నీకేమన్న తెలుసా?" అంది. ఆ పిల్ల నా కళ్లలోకి సూటిగా చూస్తూ అడిగింది. "మోకాళ్ల నొప్పులేమో, వయసు మీద పడ్తలేదా" అన్నాను. నమ్మింది. నామీద ఉన్న నమ్మకంతో నమ్మింది.

ఈస్టర్ దాటిన వారంలో రూతుకు పద్దెనిమిది నిండాయి. ఇంట్లో పాయసం వండారు. మర్నాడు పొద్దున్నే ఎస్తేరక్క ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్లికి వెళ్లినట్టు దవాఖానకు బయల్దేరింది. నేనూ రూతూ వెంట వెళ్లాం. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఒక గదిలోంచి ఇంకో గదికి పంపింది. చివరికి నీటికాసులని చెప్పింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని చంపేసిందట. "కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమది కూడా పోయినట్టే. పోయిన చూపును ఎవరూ తేలేరమ్మా. ఆరేడు నెలల ముందు వచ్చి ఉంటే చుక్కల మందుతో ఈ కంట్లో ఉన్నదాన్ని నిలబెట్టేవాళ్లం" అంది. ఎస్తేరక్క తల ఊపింది, ధర తెలిసే బేరానికి వచ్చినదానిలా. రూతు మాత్రం నావైపు తిరిగింది.

అన్నీ ఆమె అనుకున్నట్టే జరిగాయి. బోర్డు అన్‌ఫిట్ అంది. కొన్నాళ్లకు రూతుకు కొలువు వచ్చింది. డ్యూటీలో చేరిన రోజు ఎస్తేరక్క వాకిట్లో నిలబడి, బిడ్డ తలమీద హెల్మెట్‌ను, భుజాలను, బూట్లను తడిమి తడిమి చూసుకుంది. "మంచిగున్నదా తమ్మీ, నా బిడ్డ?" అని నన్ను అడిగింది. మంచిగున్నదక్కా అన్నాను. నర్సింగులో చేరుతానన్న పిల్ల తలవంచుకుని బూటు లేసు కట్టుకుంటోంది.

కొన్ని నెలల తర్వాత, ఎస్తేరక్క నోటితోనే సంగతంతా విన్న, కాగితాల విషయాలన్నీ తెలిసిన ఒక పెద్దమనిషి మాటల్లో నాతో అన్నాడు: "అరే, ముందే వచ్చి అడిగితే ఏదో ఒక తొవ్వ దొరుకుతుండె కదనయ్యా. ఎవ్వల్ని అడగకుంట మీకు మీరే ఫైసలా చేసుకున్నరా?" నిజమే. ఎవరినీ అడగలేదు. అడిగితే బయటపడుతుందని భయం. వాకిళ్లలో కూరగాయలు తరుగుతూ నలుగురు అనుకునే మాటలనే ఆమె చట్టమనుకుంది. ఆమె అనుకుంది కాబట్టి నేనూ అనుకున్నాను. దారి నిజంగా ఉండేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే ధైర్యం లేదు.

ఆ సంగతి రూతు చెవిన కూడా పడినట్టుంది, ఆ సాయంత్రమే అప్పుడప్పుడే పెట్టుకున్న నా దుకాణానికి వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీకు ఎప్పటిసంది తెలుసన్నా?"

ఒకసారి అబద్ధం చెప్పాను, రెండోసారి నోరు రాలేదు. "దవాఖానకు పోయిన దానికి ఏడు నెలల ముందటి సంది" అన్నాను.

"మా అమ్మ నిన్ను అడిగింది, నువ్వు మాటిచ్చినవ్. సరే. ఈ కొలువు నేను అడిగిన్నా?" గొంతు పెంచకుండానే అడిగింది. "నాకు నర్సింగు సీటు వచ్చింది, తెలుసా నీకు? ఇప్పుడు ఇది వద్దందామంటే, మా అమ్మ కండ్లు ఊకెనే పోయినట్టయితది. చేద్దామంటే, ప్రతి రోజూ ఆమె కండ్ల మీద కాలు పెట్టి డ్యూటీకి పోతున్నట్టున్నది. నువ్వు ఒక్క మాట చెప్తే ఏంబోయేదన్నా? ఆదివారం నాడు తొవ్వల అడిగిన కదా నిన్ను!"

ఆమె వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎదురుపడితే తల ఊపుతుంది, అంతే. అన్న అనడం మానేసింది.

ఎస్తేరక్క ఐదేళ్లు చీకట్లో బతికింది. నేను వారం వారం వెళ్లేవాణ్ణి, రూతు డ్యూటీలో ఉన్న వేళ చూసుకుని. గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వింటూనే "రా తమ్మీ" అనేది. తెల్లారడం, పొద్దుగూకడం కోడి కూతతో, షిఫ్టు సైరన్‌తో తెలుసుకునేది. ఒక్కనాడు కూడా ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత బాగుండేది. గుండె ఆగి పోవడానికి వారం ముందు నేను వెళ్తే, మంచం అంచున కూర్చోబెట్టుకుని నా మొహమంతా చేత్తో తడిమింది. "ముసలోనివి అవుతున్నవురా" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది: "నాకు తెలిసిన మనుషులల్ల ఇచ్చిన మాట మీద నిలబడ్డోనివి నువ్వొక్కనివే తమ్మీ. దేవుడు నిన్ను సల్లంగ సూడాలె."

నా మాట నిలకడను మెచ్చుకుంటూ ఎవరైనా ఇచ్చిన దీవెన అదొక్కటే. దాన్ని ఎక్కడా దించుకోలేకపోతున్నాను. తాగి అన్న మాటలు, కోపంలో అన్న మాటలు, మా నాన్నకిచ్చిన మాటలు, నా భార్యకిచ్చిన మాటలు, ఎన్ని తప్పానో లెక్కలేదు. తప్పాల్సిన మాట నా బతుకులో ఒక్కటే వచ్చింది. దాని మీద నిలబడ్డాను.